మెల్‌బోర్న్ పిల్లలకు మన వైపు దారి

డిసెంబరు 9
అక్క కూతురు మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేసింది. "మామయ్యా, పిల్లలకు బడి సెలవులు. సంక్రాంతి దాకా ఉంటాం. శ్రీశైలం ఎటూ చూస్తాం, మన వైపు ఏమన్నా ఉన్నాయా?" అని. ఎందుకు లేవు తల్లీ! అందరూ మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగడం, నేరుగా శ్రీశైలం బస్సెక్కడం. ఈసారి వీళ్లను అట్లా పోనివ్వను. గుర్తొచ్చినవన్నీ ఇందులో రాసిపెడతాను.

డిసెంబరు 11
అన్నిటికన్నా ముందు నీళ్లు. మా పశ్చిమ ప్రకాశంలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ. చేతిపంపు కనబడిందని సీసా పట్టకూడదు. కారులో ఇరవై లీటర్ల క్యాను ఉండాల్సిందే. అడవి దారుల్లో సిగ్నల్ ఉండదు, ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు. పదులు, ఇరవైలు, యాభైలు విడిగా పెట్టుకోవాలి.

డిసెంబరు 13, శనివారం
నెమలిగుండం వెళ్లొచ్చాను. రాచర్ల మండలం జె.పి.చెరువు దగ్గర నల్లమల లోపల రంగనాయకస్వామి గుడి, పక్కనే గుండ్లకమ్మ గుండం. గుడి తెరిచేది శనివారాలే. మిగతా ఆరు రోజుల్లో ఎంత దూరం నుంచి వచ్చినా తాళమే. పొద్దున్నే బయల్దేరి, పొద్దు వాలకముందే అడవి దాటాలి. గుండం లోతు, పిల్లల చెయ్యి వదలకూడదు.

డిసెంబరు 16
ధనుర్మాసం మొదలు. మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి తెల్లవారుజామున తీసుకెళితేనే అందం. తర్వాత పలకల ఫ్యాక్టరీ. ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దింది మార్కాపురం పలక మీదే. ప్లాస్టిక్ పలకలొచ్చాక ఆ పని చాలా తగ్గింది. ఆస్ట్రేలియా పిల్లలు ఆ రాయిని చేత్తో తాకి చూడాలి, బలపంతో తమ పేరు తెలుగులో రాయాలి. యజమానిని ముందే అడగాలి, రాతి దుమ్ము దగ్గర మాస్కు పెట్టాలి.

డిసెంబరు 18
కంభం చెరువు. ఒక పూట మొత్తం దీనికే. రెండు కొండల సందును కట్టతో మూసి గుండ్లకమ్మను నిలబెట్టారు. శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడి వాళ్లు చెబుతారు. అంతర్జాతీయ సాగునీటి సంస్థ ఐసీఐడీ 2020లో దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. సిమెంటు లేని కాలపు కట్ట ఇన్ని వందల ఏళ్లుగా పొలాలకు నీళ్లిస్తోంది. నాకైతే మన జిల్లాలో ఇంతకు మించిన గొప్ప పని మరొకటి లేదు. శనివారం చూసిన గుండం నీళ్లే ఇక్కడికి చేరతాయని పిల్లలకు చెప్పాలి, అందుకే నెమలిగుండం ముందు, కంభం తర్వాత. ఎండ ముదరక ముందే కట్ట మీద నడవాలి. అలుగు దగ్గర రాళ్లు జారతాయి, సెల్ఫీలు వద్దు.

డిసెంబరు 19
గిద్దలూరు నుంచి నంద్యాలకు కారు వద్దు, పగటి రైలెక్కండి. దిగువమెట్ట దాటాక నల్లమల కిటికీలోకే వస్తుంది. గిద్దలూరులో టిఫిను ఉగ్గాని, బజ్జీ. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఇదంతా కర్నూలు జిల్లాయే, ఆ రుచి ఇంకా పోలేదు.

డిసెంబరు 20
త్రిపురాంతకం: కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. శ్రీశైలానికి తూర్పు ద్వారం ఇదే. శ్రీశైలం ముందురోజు పెట్టుకుంటే సరి.

డిసెంబరు 22
కారు డ్రైవర్‌ను కలిశాను. "సార్, రాత్రి తొమ్మిదికి శ్రీశైలం దారిలో దోర్నాల గేటు మూస్తారు. తెల్లారి ఆరు దాకా తెరవరు. ఎనిమిదిన్నరకల్లా అక్కడుండాల" అన్నాడు. పులుల అడవి అది, రాత్రిపూట జంతువులకు వదిలేసే దారి. తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ జీపు సఫారీ ఉంది, పొద్దున పూట మేలు. కోతులకు బిస్కెట్లు వేయొద్దు, ఖాళీ సీసా ఒక్కటి కూడా దారిలో పారేయొద్దు.

ఇంకో మాట. దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు చెంచు గూడేలున్నాయి. వాళ్ల ఇళ్ల ముందు కారాపి, అడగకుండా పిల్లల ఫోటోలు తీయొద్దు. వాళ్లు సేకరించిన తేనెను గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్లు అమ్ముతారు, ఊరికి తీసుకెళ్లాలంటే అది కొనండి.