శుభలేఖలో తప్పు

మా మేనకోడలి శుభలేఖల కోసం గన్‌ఫౌండ్రీ సందులో ఒక కొట్టుకు వెళ్ళాను. పద్ధెనిమిదో శతాబ్దంలో నిజాం కొలువులోని ఫ్రెంచి దొర రేమండ్ ఫిరంగులు పోతపోయించిన పేట అది. నేను వెళ్ళింది మాత్రం బంగారు అక్షరాలకు!

ప్రూఫు నేనే దిద్దాను. తెలుగు ఎం.ఏ.ని గదా! ‘ఆహ్వానము’లో వత్తు సరిచేశాను, ‘ఆశీర్వదించ’కు దీర్ఘం పెట్టించాను. నాలుగువందల కార్డులూ ఇంటికి వచ్చాక మా ఆవిడ ఒకటి తీసి, “గురువారం పెళ్ళికి శుక్రవారం రమ్మన్నారేమిటండీ?” అంది.

పరుగెత్తాను. తప్పు నాదే, ఖర్చూ నాదే, కాని వ్యవధేదీ? కొట్టాయన మిషను నిండా వేరే పని. ఆయన ఛత్తాబజారుకు ఫోను చేసి, “భాయ్, రాత్రికి మిషను కావాలి” అన్నాడు. అంతే.

“ఆయన మీకు పోటీ కాదూ?” అన్నాను.

“2020లో పెళ్ళికి యాభైమందే అన్నారు గదా, సారూ. యాభైమందికి కార్డులెవరేస్తారు? అప్పుడాయన వాయిదా కట్టలేకపోతే నా దగ్గరున్నది ఇచ్చిన. నోటు రాయించుకోలేదు.”

షామియానాకు, బాజాలకు కూడా ఆయన చెప్పినవారినే కుదుర్చుకున్నాం. కమిషను పుచ్చుకోడట. పుచ్చుకుంటే వాళ్ళు ఆలస్యం చేసినప్పుడు తిట్టే హక్కు పోతుందట!

కొత్త ప్రూఫు నా చేతికివ్వబోయి ఆగాడు.

“సారూ, ఇది అమ్మగారికి చూపించి తీసుకురండి.”