తాబేటి హాజరు పట్టీ

స్థితప్రజ్ఞుని లక్షణం చెప్పవలసి వచ్చినప్పుడు గీతాకారుడు తాబేటిని ఉపమానంగా తెచ్చుకొన్నాడు. కూర్మం అవయవాలను ముడుచుకొన్నట్లు ఇంద్రియాలను విషయాలనుండి మరల్చుకొన్నవాడు స్థితప్రజ్ఞుడని తాత్పర్యం. పాఠం చెప్పిన ఇన్నేళ్లూ ఆ ఉపమ నాకు రమ్యంగానే తోచింది. హైదరాబాదులోని ఒక పశువైద్యుడు ఫోనులో వేరొక వ్యాఖ్యానం చేశారు. "మాష్టారూ, వెచ్చని చోట, ఎవరూ ముట్టకుండానే, పగలంతా కాళ్లూ మెడా ముడుచుకొని ఉంటున్నదంటే అది వైరాగ్యం కాదండీ, నొప్పి కావచ్చు."

మా ఇంట ఉన్నది చెవి దగ్గర ఎర్రని చార గల నీటి తాబేలు. అంగళ్లలో రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతపు జీవి. మా గోదావరితో దానికి ఏ బాంధవ్యమూ లేదు. (శ్రీకూర్మం ఆలయంలో కనబడే నక్షత్ర తాబేళ్లు వేరు. వాటిని ఇంట పెంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.) మా మనవడు విదేశం వెళుతూ దీనిని మాకప్పగించాడు. వచ్చేనాటికే డిప్ప అంచులు మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి పోయేవి. నీడపట్టున, ఎండు రొయ్యలు మాత్రమే తిని పెరిగిన తాబేళ్లకు వచ్చే రోగమిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకకపోతే శరీరంలో డి విటమిను తయారు కాదు. అది లేనిదే తిన్న సున్నం ఒంటబట్టదు. అప్పుడు శరీరం ఎముకలనుండీ, డిప్పనుండీ సున్నాన్ని లాగుకొంటుంది. కిటికీ అద్దంలోనుండి పడే ఎండ చాలదు, ఆ కిరణాలను అద్దమే ఆపివేస్తుంది.

బూర్గంపాడులో ఎండకు కరవా! సున్నపు మందుతో, ఆకుకూరలతో, పెరటి ఎండతో రెండేళ్లు నిలదొక్కుకొంది. వంగిన వెనుక కాళ్లు మాత్రం సరికాలేదు. ఈ ఏడాది హైదరాబాదు తీసుకువెళ్లి రక్తపరీక్ష చేయిస్తే మూత్రపిండాలు కూడా చెడినవని తేలింది.

కుక్క అయితే మూలుగుతుంది. తాబేలు ఆ మాత్రమైనా చెప్పదు. తిండి మానడమూ నమ్మదగిన గుర్తు కాదు, శీతల రక్తం కనుక పుష్యమాసపు చలిలో ఆరోగ్యంగా ఉన్నది కూడా చాలా రోజులు మేత ముట్టకపోవచ్చు. ప్రాణం పోవడానికీ తొందర ఉండదు. 2024 మార్చిలో హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో గాలపాగస్ తాబేలు ఒకటి సుమారు 125 ఏళ్ల వయస్సున మరణించింది. 1963లో బాగ్-ఎ-ఆమ్‌నుండి వచ్చినది. చివరి పది రోజులు ఆహారం ముట్టలేదని పత్రికలు వ్రాశాయి. అంతటి ఆయుర్దాయంలో పది రోజులెంత! మా దానికి నెలలు పట్టవచ్చునన్నారు. ఆ నెలలు దానికోసమా, మాకోసమా అన్నదే నాకు తేలలేదు.

ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు ఇందుకొక కొలత చెప్పారు. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్న మంచి రోజులు ఎక్కువా కాదా అనే ఏడింటికీ మార్కులు వేయాలి. కుక్కలకూ పిల్లులకూ బాగానే ఉంటుంది. తాబేటి సంతోషానికి ఎన్ని వేయను? పంతులు బుద్ధి పోలేదు కనుక హాజరు పట్టీ గీశాను. పిలవకుండా ఎండ రాయి ఎక్కిందా, ఆకు చూసి మెడ చాచిందా, నీటి అడుగునుండి తనంతట తాను పైకి వచ్చిందా, బరువెంత. దానికి మునుపు ఇష్టమైనవి ఏవో వాటినే అడగాలి గాని మనకు ఇష్టమైనవి కావు.

పట్టీ చూసి నా భార్య ఒక మాట అన్నది. "ఏమండీ, అత్తయ్యగారు ఆఖరి ఏడాది మంచం మీదనే ఉన్నారు. అప్పుడు ఇలా గీతలు గీశామా?" గీయలేదు. అమ్మ నోరు తెరిచి చెప్పగలిగేది. ఈ ముద్ద వద్దనేది, ఆ కిటికీ తెరవమనేది. చెప్పలేనిదానికే ఈ గీతలన్నాను. ఆమె ఒప్పుకొన్నట్లు లేదు.

కిన్నెరసానిలో వదిలివేయమన్నవారున్నారు. పరాయి నీటిలో చేరి స్థానిక జీవులను అణచివేసే నూరు ప్రాణుల అంతర్జాతీయ జాబితాలో ఈ తాబేలు ఉన్నది. పైగా కాళ్లు పనిచేయనిదాన్ని ఏటిలో వదలడం దయ ఎట్లా అవుతుంది? ఫ్రిజ్జులో పెడితే నిద్రలోనే పోతుందని మరొకరు. చలికి కదలిక ఆగుతుంది, నొప్పి ఆగుతుందన్న హామీ లేదు; వైద్యులు అది కూడదంటున్నారు. తాబేటి మెదడు ప్రాణవాయువు లేకున్నా చాలాసేపు ఓర్చుకొంటుంది. గుండె ఆ తరువాత కూడా కొట్టుకొంటుంది. అందుచేత ముందు మత్తు, పిదప మందు, ఆపైన మెదడు నిలిచిపోయిందని రూఢి చేసుకొనే పద్ధతి. దీనికోసం మళ్లీ మూడు వందల కిలోమీటర్లు కుదిపి తీసుకువెళ్లడం నాకిష్టం లేదు. ఇక్కడ ఆవులకూ మేకలకూ వైద్యం చేసే డాక్టరుగారు, హైదరాబాదు వైద్యుడు ఫోనులో దగ్గరుండి చెబితే చేస్తానన్నారు.

ఇప్పుడు వైశాఖం. చలి అన్న సాకు లేదు. గడచిన 28 రోజులలో రాయి ఎక్కినవి 6. మెడ చాచినవి 9. బరువు 640 గ్రాములనుండి 510కి దిగింది. మనవడికి నిన్న రాత్రి లెక్కలన్నీ చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. "ఆ ఆరు రోజులూ ఏ వారంలోవి తాతయ్యా?" అని అడిగాడు. మొదటి రెండు వారాలలోవే అన్నాను. "సరే తాతయ్యా" అన్నాడు.

సోమవారం ఉదయం రమ్మని డాక్టరుగారికి కబురు చేశాను. తెల్లవారుజామున వద్దు, పెరట్లోకి ఎండ బాగా వచ్చాక రమ్మనండి అని నా భార్య లోపలినుండి అన్నది.