ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తీరం తలపులు

ఖరగ్‌పూర్‌లో దిగి ఓల్డ్ సెటిల్‌మెంట్ చేరిన మాకు బెంగాలు గడ్డపై తెలుగు పలకరింపులు వినిపించాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాల వారసులు ఇక్కడ ఉన్నారు. రైలు కొలువు వారి పెద్దలకు నెలజీతం, నీడ కల్పించింది.

మాటలు స్వస్థలంపైకి మళ్ళాయి. శ్రీకాకుళం తీరాన మత్స్యకారులకు ఆ నిలకడ ఏదీ? తగిన రేవులు లేక ఎందరో గుజరాత్‌లోని వెరావల్ మరబోట్లపై కూలికి పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవారిలో కొందరు పాకిస్తాన్ చెరలో చిక్కి, 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. బుడగట్లపాలెం చేపలరేవుకు 2023లో శంకుస్థాపన జరిగింది.

రేవు, శీతల గిడ్డంగి, గిట్టుబాటు ధర తీరానికే చేరితే వలస అనివార్యం కాదు. నిజమైన అభివృద్ధి అదేనని తలపోస్తూ తిరుగు రైలెక్కాము.