కార్డు మీద లేని వరసకి పైసా రాదు (పేట దాటిన కాళ్ళు – 17)



పోయిన భాగంలో న్యూజెర్సీలో అద్దె ఇల్లు వెతుక్కున్న కథ రాశాను. ఈసారి ఒక ఆట గురించి రాస్తా. దాని పేరు మాజాంగ్. అందులోనూ అమెరికన్ మాజాంగ్. "అక్కా, ఇన్ని సమస్యలు పెట్టుకుని ఆటలేంటి" అంటారని తెలుసు. ఓపిగ్గా చివరిదాకా చదవండి. రూలు అంటే ఏంటో, దాన్ని కాయితం మీద పెట్టించుకోవడం అంటే ఏంటో నాకు ఈ ఆట చెప్పినంత తేటగా ఏ మీటింగూ చెప్పలేదు.

మాది నైట్ డ్యూటీ. మధ్యాహ్నాలు ఖాళీ. మా టౌను లైబ్రరీలో మంగళవారం మంగళవారం కొంతమంది యూదు పెద్దావిడలు బల్ల చుట్టూ చేరి గలగలమని బిళ్ళలు కలుపుతుంటారు. ఒకరోజు వాళ్ళలో ఒకామె మోకాలి ఆపరేషన్ అయి రాలేదు. ఆటకి నలుగురు కావాలి. పక్కన పేపరు చదువుకుంటున్న నన్ను పిలిచారు. "రాదు" అన్నాను. "ఎవరికి పుట్టుకతో వచ్చింది, కూర్చో" అంది అందరికన్నా పెద్దావిడ. కూర్చున్నాక నా ముందు బిళ్ళలు పెట్టలేదు. మూడు మడతల కార్డు ఒకటి పెట్టింది. "ముందు ఇది చదవడం నేర్చుకో. ఆట దానంతట అదే వస్తుంది" అంది.

ముందు బిళ్ళల లెక్క. మొత్తం 152. మన పేకలో ఇస్పేటు, ఆటీను ఉన్నట్టు ఇందులో మూడు సూట్లు: బామ్ అంటే వెదురు, క్రాక్ అంటే చైనా అక్షరాలు, డాట్ అంటే చుక్కలు. ఒక్కో సూటులో 1 నుంచి 9 దాకా అంకెలు, ఒక్కో అంకెకి నాలుగు బిళ్ళలు. అవి 108. నాలుగు దిక్కుల గాలులు 16. ఎరుపు, పచ్చ, తెలుపు డ్రాగన్లు 12. పువ్వులు 8. జోకర్లు 8. తెల్ల డ్రాగన్ మీద బొమ్మ ఉండదు, ఖాళీ చట్రం మాత్రమే. సబ్బు బిళ్ళలా ఉంటుందని దాన్ని సోప్ అంటారు.

రమ్మీ ఆడినవాళ్ళకి సగం ఆట వచ్చినట్టే. ఇక్కడా మనిషికి పదమూడే. ఈస్ట్ అనే మనిషికి పద్నాలుగు, ఆట మొదలుపెట్టేది ఆమే. ఒకటి తీసుకోవడం, ఒకటి పారేయడం. పారేసేటప్పుడు దాని పేరు పైకి చెప్పాలి: "త్రీ బామ్", "సోప్", "నార్త్". పారేసిన బిళ్ళతో మన దగ్గర ఒకే రకం మూడో నాలుగో అంతకన్నా ఎక్కువో పూర్తయ్యేట్టుంటే అడిగి తీసుకోవచ్చు. తీసుకున్న గుంపుని అందరికీ కనపడేలా బయట పెట్టాలి.

ఆటకి ముందు చార్ల్స్‌టన్ అని ఒక తంతు ఉంది. పనికిరాని మూడు బిళ్ళలు కుడివైపు మనిషికి, తర్వాత మూడు ఎదురు మనిషికి, తర్వాత మూడు ఎడమవైపు మనిషికి ఇవ్వాలి. వాళ్ళూ అలాగే ఇస్తారు. అందరూ ఒప్పుకుంటే తిరగేసి ఇంకోసారి: ఎడమ, ఎదురు, కుడి. ఒక్కరు వద్దన్నా రెండోసారి ఉండదు. జోకర్ని మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.

రమ్మీకీ దీనికీ అసలు తేడా ఇప్పుడు చెప్తా. రమ్మీలో సీక్వెన్సులూ సెట్టులూ నీకు వచ్చినట్టు కూర్చుకుని షో కొట్టొచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. నేషనల్ మాజాంగ్ లీగ్ అనే సంస్థ ఏటా ఒక కార్డు అచ్చేస్తుంది. ఏ వరసలు చెల్లుతాయో అందులో ఉంటుంది. నీ పద్నాలుగు బిళ్ళలూ అందులో ఒక వరసకి అచ్చంగా సరిపోవాలి. పదమూడు సరిపోయి ఒకటి తేడా వచ్చినా గెలుపు కాదు. కిందటేడు చెల్లిన వరస ఈ ఏడు కార్డులో లేకపోతే, నీ చేతిలో ఎంత అందంగా కుదిరినా దానికి పైసా రాదు.

ఆ కార్డు మొదటిసారి చూస్తే మందుల చీటీలా ఉంటుంది. అంకెలు, అక్షరాలు, మూడు రంగులు, పక్కన చిన్న బ్రాకెట్లు. ఎఫ్ అంటే పువ్వు. డి అంటే డ్రాగన్. ఎన్, ఈ, డబ్ల్యూ, ఎస్ అంటే గాలులు. సున్నా అంటే సోప్. బిళ్ళల్లో సున్నా లేదు కాబట్టి, సంవత్సరం అంకె వేసే వరసల్లో ఆ ఖాళీ బిళ్ళే సున్నా అవుతుంది. అలా సున్నాగా నిలబడ్డప్పుడు అది ఏ సూటు పక్కనైనా చెల్లుతుంది.

కొత్తవాళ్ళందరూ తడబడేది రంగుల దగ్గర. ఎర్ర సిరాలో ఉంది కాబట్టి క్రాక్, పచ్చ సిరాలో ఉంది కాబట్టి బామ్ అనిపిస్తుంది. కాదు. రంగు సూటు పేరు చెప్పదు. ఏది ఏదానితో కలవాలి, ఏది ఏదానితో వేరుగా ఉండాలి అన్నది మాత్రమే చెప్తుంది. నేనే ఒక వరస కల్పించి చూపిస్తా: ఎఫ్‌ఎఫ్ 222 444 666 888. లెక్కపెట్టుకోండి, పద్నాలుగు. ఇందులో 222 444 పచ్చ సిరాలో, 666 888 ఎర్ర సిరాలో ఉన్నాయనుకోండి. అర్థం: రెళ్ళూ నాలుగులూ ఒకే సూటు, ఆర్లూ ఎనిమిదులూ ఇంకో సూటు. ఏ రెండు సూట్లన్నది నీ ఇష్టం. డ్రాగన్ రంగూ అంతే. డి ఏ అంకెల రంగులో ఉంటే ఆ సూటుకి జోడీ అయిన డ్రాగన్ కావాలి: క్రాక్‌కి ఎరుపు, బామ్‌కి పచ్చ, డాట్‌కి సోప్.

1916లో ఇదే నగరం పక్కన, కొలంబియా యూనివర్సిటీలో బాబాసాహెబ్ చదివిన పత్రం గుర్తొచ్చింది. కులం ఒంటరిగా ఉండదు, ఇంకో కులం ఉంటేనే కులం అన్నది ఆ పత్రంలో ఒక మాట. కార్డు మీద రంగు కూడా ఒంటరిగా ఏమీ కాదు. పక్కనున్న రంగుతోనే దానికి అర్థం.

తర్వాత బ్రాకెట్లు. ఎఫ్‌ఎఫ్ 1111 2222 3333 అని ఉండి, పక్కన "ఏ మూడు వరస అంకెలైనా" అని ఉంటే, అచ్చయిన ఒకట్లూ రెళ్ళూ మూళ్ళూ ఉదాహరణ మాత్రమే. 5, 6, 7 అయినా చెల్లుతుంది. ఆ మాట లేకపోతే మాత్రం అచ్చులో ఉన్న అంకే కావాలి. అంటే అంకెని చదివితే చాలదు, ఆ అంకె ఖాయమా మారుతుందా అన్నది కూడా చదవాలి. వరస చివర ఎక్స్ ఉంటే గుంపుల్ని ఆట మధ్యలో బయటపెట్టొచ్చు. సి ఉంటే దాచే ఉంచాలి, ఎదుటివాళ్ళు పారేసినది ఆఖరి బిళ్ళగా మాత్రమే తీసుకోవాలి. పక్కన 25, 30 అని ఉండే అంకె పందెం, సెంట్లలో. గెలిచినామెకి ఆ బిళ్ళ పారేసిన మనిషి రెట్టింపు ఇస్తుంది, మిగతా ఇద్దరూ మామూలు లెక్క. సొంతంగా తీసుకుని గెలిస్తే ముగ్గురూ రెట్టింపే.

జోకర్ ఎక్కడైనా దూరుతుందనుకోకండి. ఒకే రకం మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న గుంపులోనే దానికి చోటు. జతలో పనికిరాదు, ఒంటరి బిళ్ళ స్థానంలో పనికిరాదు. ఎన్ఈడబ్ల్యూఎస్ అని నాలుగు గాలులు వరసగా ఉంటే అవి నాలుగు ఒంటరి బిళ్ళలు, నాలుగూ అసలువే కావాలి. బయటపెట్టిన గుంపులో ఎవరి జోకర్ ఉన్నా సరే, దాని అసలు బిళ్ళ నీ దగ్గరుంటే నీ వంతులో అది ఇచ్చి జోకర్ని తెచ్చుకోవచ్చు.

ఇదంతా నేర్చుకోడానికి నాకు మూడు మంగళవారాలు పట్టింది. నాలుగో వారం ఆ పెద్దావిడ చరిత్ర చెప్పడం మొదలుపెట్టింది. మిగతాది నేను చదువుకున్నా.

ఆట చైనాది. 1920లో జోసెఫ్ పార్క్ బాబ్కాక్ అనే స్టాండర్డ్ ఆయిల్ ఉద్యోగి ఇంగ్లీషులో రూల్స్ పుస్తకం వేసి దీన్ని అమెరికాలో అమ్మాడు. ఒక్కసారిగా పిచ్చి పట్టినట్టు దేశమంతా ఆడారు. బిళ్ళలు అప్పట్లో ఎముకా వెదురూ కలిపి చేసేవాళ్ళు. గిరాకీ ఎంతంటే షికాగో, కాన్సాస్ సిటీ కసాయి కార్ఖానాల నుంచి పశువుల ఎముకలు ఓడల్లో షాంఘై వెళ్ళి, బిళ్ళలై తిరిగొచ్చేవి. ఇది చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. చచ్చిన గొడ్డుని మోసింది ఆయనే, తోలు ఒలిచింది ఆయనే, ఎముకలు బస్తాకెత్తింది ఆయనే. బస్తా కొన్న షావుకారు ఏనాడూ అంటు పడలేదు.

ఆట మీద అంత మోజు పడ్డ ఆ దేశంలోనే ఆట ఆడే మనుషుల మీద నిషేధం నడుస్తోంది. చైనా కూలీలని రానివ్వకూడదని 1882లో చేసిన చట్టం 1943 దాకా రద్దు కాలేదు. పళ్ళెం కావాలి, వండిన మనిషి వద్దు. మనకిది కొత్త కాదు.

పిచ్చి తగ్గాక ఇంటికో రూలు, బల్లకో రూలు అయ్యి ఆట చెల్లాచెదరైంది. 1937లో న్యూయార్క్‌లో కొంతమంది ఆడవాళ్ళు, ఎక్కువమంది యూదులే, కూర్చుని లీగ్ పెట్టి రూల్స్ ఖాయం చేశారు. యూదులకి గదులివ్వం అని చాలా హోటళ్ళు బాహాటంగా చెప్పే రోజులవి. అందుకే క్యాట్‌స్కిల్స్ కొండల్లో వాళ్ళ హోటళ్ళూ వేసవి కాటేజీలూ వాళ్ళే కట్టుకున్నారు. యుద్ధం తర్వాత ఆ కాటేజీల వరండాల్లో ఈ ఆట గట్టిగా నిలబడింది. వెలి అనుభవించినవాళ్ళు తమ బల్ల తాము వేసుకుని, తమ రూలు తాము అచ్చేసుకున్నారు. అది నాకు నచ్చింది.

కానీ పూర్తిగా మెచ్చుకోలేను. 1937లో కార్డు తయారైనప్పుడు, ఆట ఎవరిదో వాళ్ళ మీద నిషేధం ఇంకా ఉంది. 2021లో డాలస్‌లో ముగ్గురు తెల్ల ఆడవాళ్ళు పాత బొమ్మలు బాలేవని కొత్త రంగుల బిళ్ళలు చేసి వందల డాలర్లకి అమ్మబోతే, చైనా మూలాలున్న అమెరికన్లు గట్టిగా నిలదీశారు. ఆ కంపెనీ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. కార్డు ఉందా అని అడిగితే సరిపోదు. దాన్ని అచ్చేసే చోట ఎవరు కూర్చున్నారని కూడా అడగాలి.

ఇప్పుడు మన సంగతి. ఇక్కడ తెలుగోళ్ళ విందులకి వెళ్తే కార్డు లేని ఆట ఒకటి నడుస్తుంది. "ఏ ఊరండీ?" "ఊళ్ళో ఎటువైపు?" "ఇంటిపేరు?" "నాన్నగారేం చేసేవారు?" అచ్చం చార్ల్స్‌టనే. కుడి, ఎదురు, ఎడమ. నవ్వుతూ ఇస్తారు, నవ్వుతూ తీసుకుంటారు. మూడు చేతులు మారేసరికి నీ చేతిలో ఏముందో బల్లంతటికీ తెలిసిపోతుంది. తర్వాతి విందుకి పిలుపు రాదు. ఎందుకు రాలేదని ఎవర్ని అడుగుతావు? ఏ రూలు చూపించి అడుగుతావు?

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష చట్టంలో కులం అన్న మాట చేర్చింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ కూడా అలాంటి బిల్లు పాస్ చేసింది. అక్టోబరులో గవర్నర్ దాన్ని ఆపేశాడు. ఉన్న చట్టాల్లోనే కులం కూడా వస్తుంది, వేరే మాట అక్కర్లేదన్నాడు. మంగళవారం బల్ల దగ్గర ఎవరన్నా ఆ మాట అని చూడండి. "నా వరస కార్డులో లేదు గానీ, ఉన్న ఇంకో వరసకి దగ్గరగా ఉంది, డబ్బులివ్వండి" అంటే నవ్వి ఊరుకుంటారు.

మన దేశంలోనూ ఇంతే. 1989 అట్రాసిటీ చట్టం ఉండగానే 2015లో సవరణ ఎందుకు కావాల్సొచ్చింది? చెప్పుల దండ వేయడం, గుండు గీయించడం లాంటి అవమానాల్ని పేరు పెట్టి చట్టంలోకి ఎక్కించాల్సొచ్చింది కాబట్టి. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాక విద్యార్థులు అడుగుతున్న రోహిత్ చట్టం కూడా అదే: క్యాంపస్‌లో జరిగేదానికి పేరు పెట్టండి, కార్డులో వేయండి.

రాసిన రూలల్లా మంచిదని నేననను. చైనీయుల నిషేధం రాసిన చట్టమే. మనుస్మృతీ రాసిందే. కానీ రాసి ఉంది కాబట్టే ఒకదాన్ని 1943లో కొట్టేశారు, ఇంకోదాన్ని 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ తగలబెట్టాడు. విందులో నవ్వుతూ అడిగే "ఊళ్ళో ఎటువైపు"ని ఏ చట్టసభలో కొట్టేస్తాం? ఏ అగ్గిపుల్లతో కాలుస్తాం?

ఇంకొక్క రూలు చెప్పి ఆపుతా. ఎవరైనా కార్డులోని ఏ వరసకీ సరిపోని గుంపు బయటపెడితే ఆ చెయ్యి చచ్చినట్టే, ఆమె ఇక ఆడకూడదు. కానీ ఆ బల్ల దగ్గర రిఫరీ ఉండదు. ఆడుతున్న నలుగురిలో ఒకరు చూసి పైకి చెప్పాలి. ఎవరూ నోరు తెరవకపోతే, తప్పు గుంపు బల్ల మీద దర్జాగా కూర్చుంటుంది, ఆట సాగిపోతుంది.

కాబట్టి మీ యూనివర్సిటీ ఆర్డినెన్సులు, ఫెలోషిప్ రూల్స్, హాస్టల్ మాన్యువల్, వైవా మార్కుల పద్ధతి తెచ్చుకుని చదవండి. ఏ అంకె ఖాయమో, ఏది వాళ్ళిష్టానికి వదిలేశారో గుర్తు పెట్టుకోండి. లేనిదాన్ని రాయించండి. ఉన్నదాన్ని తప్పితే, బల్ల మీదే, పేరు పెట్టి, పైకి చెప్పండి.

జై భీమ్.