సెరాంపూర్‌లో నేర్చుకున్న పాఠము



హౌరా స్టేషనులో లోకల్ రైలు ఎక్కితే గంటలోపే సెరాంపూర్ చేరవచ్చును. మన కాపరులలో అనేకులు ఈ పేరుతో పట్టాలు పొందారు గాని ఆ ఊరు చూచినవారు కొద్దిమందే. హుగ్లీ నది ఒడ్డున, 1818లో స్థాపించబడిన కళాశాలలో కేరీ గ్రంథాలయమును చూచుటకు మేము వెళ్లాము.

విలియం కేరీగారు, ఆయన జతపనివారు 1800లో ఇక్కడ ముద్రణాలయము నెలకొల్పారు. విశాఖపట్నములో డెస్ గ్రాంజెస్ దొరగారు, ఆనందరాయరుగారు తెలుగు చేసిన సువార్తలు 1812లో ఇక్కడే అచ్చయ్యాయి. తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడింది.

1812 మార్చి 11 సాయంకాలము ఆ ముద్రణాలయమునకు నిప్పంటుకొన్నది. కేరీగారు ఏండ్ల తరబడి కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి కాలిపోయింది. అది మళ్లీ వెలువడనేలేదు. అయితే అక్షరములు పోతపోసే అచ్చులు మిగిలాయి. కరిగిన లోహముతోనే అక్షరములు తిరిగి పోసి, కొద్ది వారములలోనే పని మొదలుపెట్టారు.

నిప్పు ఎప్పుడో ఒకసారి వస్తుంది. చెద, చెమ్మ ప్రతి దినము వస్తాయి. ఆనాటి నాటు కాగితమునకు బియ్యపు గంజి పట్టించేవారు గనుక పురుగులు చేరేవి. అందుకే మిషనరీలు చెదను తట్టుకొనే కాగితమును తామే చేయించారు. ఆ మిల్లుకు 1820లో ఇంగ్లండునుండి ఆవిరి యంత్రము తెప్పించారు.

మరి మన సంఘముల సంగతి ఏమిటి? బాప్తిస్మపు రిజిస్టరు, కమిటీ తీర్మానముల పుస్తకము చాలాచోట్ల ఒక్కటే ప్రతి. చదువురాని మన అవ్వతాతల పేర్లు మొదటిసారి కాగితముమీదికెక్కినది ఎన్నో ఊళ్లలో ఆ రిజిస్టరులోనే. అది పోతే ఆ సాక్ష్యము వేరెక్కడా దొరకదు.

కాబట్టి వాటిని నేలమీద పెట్టవద్దు, గోడకు ఆనించవద్దు. గుండుసూదులు, క్లిప్పులు తీసివేయండి. తుప్పు కాగితమును తినివేస్తుంది. చిరిగినచోట టేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. శుభ్రమైన నూలుబట్టలో చుట్టి బీరువా పై అరలో ఉంచండి. తడిస్తే ఎండలో కాక నీడలో గాలికి ఆరబెట్టండి. ప్రతి పేజీని సెల్‌ఫోనులో ఫోటో తీసి, ఆ ఫోటోలను రెండుచోట్ల భద్రపరచండి.

యెరూషలేము ముట్టడిలో ఉన్న దినములలో యిర్మీయా పొలము కొన్నాడు. ముద్రవేసిన క్రయపత్రమును, ముద్రవేయని దానిని, రెండింటిని మట్టికుండలో దాచమని దేవుడు సెలవిచ్చాడు (యిర్మీయా 32). తిరిగి వచ్చువారికి అవి కావలసియుండెను. మన తరువాత వచ్చువారి కొరకు, ఈ నెలలోనే మీ సంఘపు పెట్టె తెరిచి చూడండి.