పలుగురాతిలోని నీటిబొట్టు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో ఎఱ్ఱచెల్కల గట్లపై తెల్లని పలుగురాళ్లు విరివిగా కనిపించును. రైతు వానిని చేనినుండి ఏరి పారవేయును. పిల్లలు చీకటిలో రెండింటిని రాచి, మెరుపు చూచి సంతోషింతురు. “ఆ తెల్లరాళ్లు వరుసగున్న తావున లంకెబిందెలుంటయే బిడ్డా!” అని మా మేనత్తగారు నాతో ననెడివారు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు; కాని అది వారు తలచిన నిజము కాదు.

కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల షిస్టు మేఖల యను శిలాపంక్తి యొకటి కలదు. దాని వయస్సు 250 కోట్ల సంవత్సరములకు పైబడినది. అట్టి శిలలు నెఱ్ఱెలు విచ్చినప్పుడు, ఉప్పును ఇసుకసారమును కరగించుకొనిన వేడినీరు భూగర్భమునుండి వానిలోనికి ఎగయును. ఆ సారము పేరుకొని పలుగురాయి యగును. స్ఫటికము పెరుగునప్పుడు దాని సందులలో వెంట్రుక మందముకన్న చిన్నవగు నీటిబొట్లు చిక్కువడును. రాయి పాలవలె తెల్లనగుట సాధారణముగా ఈ లెక్కలేని బిందువుల వలననే. పూర్వపు సరస్సుల యడుగున వేడి ఊటలు వెలువడి యేర్పడిన శిలలలోను ఇట్టివి దొరకును.

ఈ బొట్టులో తరచుగా చిన్న బుడగ యొకటి యుండును. వేడిగా నింపి బిరడా బిగించిన సీసా చల్లారినప్పుడు లోని ద్రవము తగ్గి పైన ఖాళీ యేర్పడదా? ఇదియు నట్టిదే. షెఫీల్డు వాసియగు హెన్రీ క్లిఫ్టన్ సార్బీ 1858లో ఈ సంగతిని విశదీకరించెను. రాయిని మరల కాచిన, బుడగ మాయమగు వేడిమియే తెలుపును: ఆ రాయి అంతకు తక్కువ వేడిలో పుట్టలేదని. బొట్టును గడ్డకట్టించి, ఆ మంచు ఎప్పుడు కరగునో చూచిన అందలి ఉప్పెంతయో తెలియును.

బంగారమును మోసి తెచ్చినదియు ఇట్టి వేడినీరే. పొరుగున రాయచూరు జిల్లాలోని హట్టి గనియందు నేటికిని బంగారము తీయుచున్నారు. అయినను టన్ను రాతికి దొరకునది కొలది గ్రాములే. దానికి యంత్రములు కావలెను గాని, ముగ్గులు, నిమ్మకాయలు, బలులు కావు.

ఈ వివేకము లేకున్న నష్టము చిన్నది కాదు. నిధులకై పాడుపడిన గుళ్లను త్రవ్విరను వార్తలు ఈ జిల్లాలనుండి వచ్చుచునే యున్నవి. గుప్తనిధుల ఆశ చూపి 11 మందిని హతమార్చెనను అభియోగముపై 2023 డిసెంబరులో నాగర్‌కర్నూలు పోలీసులు ఒకనిని పట్టుకొనిరి. మోసపోయిన వారిని నవ్వుట తగదు. అప్పులలో మునిగిన సంసారి చెవికి నిధి మాట అమృతమువలె తోచును.

సోదరీమణులారా! సార్బీ మాటను ఏ దేశపువాడైనను, ఏ కులపువాడైనను రాయిని కాచి పరీక్షింపవచ్చును. నిధి చూపెదననువాడు మాత్రము రాత్రివేళ రమ్మనును, ఎవరికిని చెప్పవలదనును, ముందుగా రూకలిమ్మనును. ఈ భేదమును మన బిడ్డలకు చిన్ననాడే నేర్పుదము. పల్లెటూరి బడిలో సూక్ష్మదర్శని యొకటి యుంచి, పలుచగా అరగదీసిన పలుగుపలకను దాని క్రింద పెట్టి చూపుదము. “నీకెట్లు తెలిసెను?” అని రాతినడిగిన పిల్ల, రేపు మంత్రగానినిగూడ అడుగును.