పిల్లల ఎత్తున కట్టిన తాడు

చౌడేపల్లెలో బస్సు దిగేసరికి తొమ్మిదిన్నర అయింది. పుంగనూరు నుంచి నాతో పాటు వచ్చినవాళ్లలో సగం మంది బోయకొండ గంగమ్మ దర్శనానికి బయల్దేరినవాళ్లే. మొక్కుబడి కోళ్లతో, పూలదండలతో ఆటోల్లో సర్దుకుంటున్నారు. నేనెక్కిన ఆటో కొండదారి వదిలి పల్లెదారి పట్టింది. చింతపండు కొట్టే కాలం. ఏ పంచలో చూసినా నలుగురైదుగురు ఆడవాళ్లు కూర్చుని పెంకు తీస్తున్నారు, ఈనెలు లాగుతున్నారు, గింజలు కొడుతున్నారు. ఒక పక్క పండు, ఇంకో పక్క నిగనిగలాడే గింజల కుప్ప. ఆ గింజలు మామూలుగా వ్యాపారి మూటలోకి పోతాయి. నేను పోతున్న పల్లెలో మాత్రం ఇంటికో దోసెడు అంగన్‌వాడీకి పోతాయని విన్నాను. ఆ దోసెళ్లతో అక్కడి టీచరమ్మ ఏం చేస్తుందో చూడాలని ఇంత దూరం వచ్చాను.

గుమ్మం బయట 19 జతల చిన్న చెప్పులు వరసగా ఉన్నాయి. రిజిస్టర్లో 22 పేర్లు. ఇద్దరికి జ్వరం, ఒకరు అమ్మతో కలిసి అవ్వగారి ఊరికి పోయారు. లోపల ఒకటే గది, దాని వెనక చిన్న వంటిల్లు. ఆయా గుడ్లు ఉడకబెడుతోంది. గోడల పైభాగంలో పండ్లు, జంతువులు, అక్షరాల చార్టులున్నాయి. వాటికి చాలా కింద, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తున, గది చుట్టూ ఒక తాడు కట్టి ఉంది. దానికి బట్టల క్లిప్పులతో పిల్లలు చేసిన బొమ్మలు వేలాడుతున్నాయి. అవి చూడాలంటే నేను వంగాలి, లేదా నేల మీద కూర్చోవాలి. కూర్చున్నాను. కూర్చున్నాక అర్థమైంది, ఆ గదిలో ప్రతి వస్తువూ ఆ ఎత్తు నుంచి చూసేవాళ్ల కోసమే పెట్టారని.

“రాండక్కా, కూసోండి. మన్ను పని మొదలుపెట్టేశాం” అంది టీచరమ్మ. చేతులు మోచేతుల దాకా బురదగా ఉన్నాయి. చెరువు బంకమన్ను తెచ్చి, రాళ్లు ఏరి, జల్లించి, రెండు రోజులు నానబెట్టి, తడి గోనెసంచిలో చుట్టి ఉంచుతుంది. టెర్రకోట బొమ్మలకు పేరుపడ్డ పలమనేరు ఇక్కడికి దూరమేమీ కాదు. ఈ ప్రాంతంలో మన్నుకు ఆకారమివ్వడం కొత్త విద్య కాదు. పిల్లలు చక్రాలు, పాములు, రొట్టెలు, సంగటి ముద్దలు చేస్తున్నారు. నా పక్కన కూర్చున్న నాలుగేళ్ల అబ్బోడు ఆవును చేస్తున్నాడు. పొట్ట కుదిరింది, మూపురం కుదిరింది. కాళ్లు మాత్రం వేలి కణుపంత కూడా లేవు.

“కాళ్లు ఇంకొంచెం పొడుగు పెడదామా?” అన్నాను.

వాడు తలెత్తి నావైపు చూసి, “మా ఆవు ఇంతే” అన్నాడు.

నిజమే. వాళ్ల ఇంట్లో ఉన్నది పుంగనూరు ఆవు. మూపు దగ్గర 70 నుంచి 90 సెంటీమీటర్లకు మించి ఎదగని జాతి. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. అంతరించిపోయే దశలో పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుతూ వచ్చింది. అచ్చు పుస్తకంలోని ఆవు బొమ్మ చూసి చేసి ఉంటే ఆ పిల్లవాడు పొడుగు కాళ్లే పెట్టేవాడు. వాడు చేసింది పొద్దున లేవగానే కళ్లెదుట కనబడే ఆవును. టీచరమ్మ వచ్చి చూసింది. ఒక్క చోట కూడా వేలు పెట్టలేదు. “తోక యాడ నాయినా?” అని మాత్రం అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, లేచి వెళ్లి, గోడ తాడు కొసన ఊడిన ఒక పీచు పీక్కొచ్చి వెనక గుచ్చాడు. తోక కుదిరింది.

తర్వాత గింజల గంపలు వచ్చాయి. చింతగింజలు, కానుగ కాయలు, చెనిక్కాయ పొట్టు, మొక్కజొన్న కండెలు. అయిదేళ్లవాళ్లు ముగ్గుపిండితో గీసిన గీతల మీద ఒక్కో గింజా పేరుస్తున్నారు. ఒక పాప తన పేరులోని ‘ల’ను గింజలతో కట్టి, దాని మీద చూపుడు వేలు రాస్తూ పోతోంది. “గురిగింజలు ఎంత అందంగా ఉంటాయో, అవి ఎందుకు లేవు?” అని అడిగాను. “అవి విషమక్కా. గదిలోకి రానియ్యను. మూడేళ్లోళ్లకు ఈ చింతగింజలు కూడా ఇయ్యను, ముక్కులో దోపుకుంటారు. వాళ్లకు మొక్కజొన్న కండెలే” అంది. జిగురు కూడా తనే కాస్తుంది. మైదాపిండి నీళ్లలో ఉడికించి చేసే జిగురు. పుస్తకాలు కట్టేవాళ్లు అది చెడకుండా తుత్తం కలుపుతారు. ఈమె కలపదు. పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారని రెండు రోజులకు సరిపడా మాత్రమే కాచుకుంటుంది. బొగ్గు నలుపు, ఇటుక పొడి ఎరుపు, పసుపు కొమ్ము పసుపు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం తను వేసి, కలపమని పుల్ల పిల్లలకిచ్చింది. పసుపు నీళ్లు చూస్తుండగానే ఎర్రబారాయి. “దిష్టి నీళ్లు!” అని అందరూ ఒక్కసారి అరిచారు. కొత్త పెళ్లికూతురికీ బాలింతకూ తీసే ఎర్రనీళ్లు ఎలా వస్తాయో ఆ పూట ఆ పిల్లలకు తెలిసింది.

“ఏబీసీడీలు ఎప్పుడు నేర్పిస్తావని అడగరా తల్లిదండ్రులు?” అన్నాను.

“అడక్కుండా ఎట్లుంటారక్కా? పొద్దున వ్యాను వస్తాది, టై కట్టుకున్న పిల్లోళ్లు పోతా ఉంటారు. చూసినోళ్లకు మన బిడ్డ కూడా రాయబళ్ల అని ఉంటాది. నేను వాళ్లతో వాదించను. ఒకరోజు పిలిచి మీ బిడ్డ పక్కన కూసోండి, గింజలు ఏరండి అంటాను. ఏరేటప్పుడు ఏ వేళ్లు పని చేస్తాయో చూడమంటాను.”

నేనూ ఏరి చూశాను. బొటనవేలు, చూపుడు వేలు, దానికి ఆసరాగా మధ్యవేలు. రేపు పెన్సిలు పట్టేవి ఆ మూడే. మన్ను పిసికితే అరచేతికి బలం వస్తుంది. కాగితం చించితే రెండు చేతులూ చెరో పక్కకు పని చేయడం నేర్చుకుంటాయి. ఆ బలం రాకముందే మూడేళ్ల బిడ్డ చేతిలో పలక పెట్టి ‘అ’ దిద్దించడం, కాళ్లు నిలవని బిడ్డను పరుగెత్తమనడమే. ఈ మాట నేను పుస్తకాల్లో చాలాసార్లు చదివాను. ఆ గదిలో 19 జతల చేతులను చూశాక నా వేళ్లకే తెలిసింది.

పెద్దలు ఈ దారి వేసి చాలా కాలమైంది. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం ఒక బడి పెట్టి, 1840లో దానికి ‘పిల్లల తోట’ అని అర్థమొచ్చేలా కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఉన్ని బంతులు, కొయ్య గోళం, ఘనం, స్తూపం ఆయన పిల్లల చేతికిచ్చిన తొలి పాఠాలు. 1939లో మారియా మాంటిస్సోరి దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చింది. 1945లో తారాబాయి మోడక్ మహారాష్ట్రలోని బోర్డి గ్రామంలో పేదపిల్లల చదువు పని మొదలుపెట్టి, బడికి రాలేని పిల్లల దగ్గరికి బడినే తీసుకుపోయింది. పిల్లల ముంగిట్లోనే నడిచే బడి గనక అది అంగన్‌వాడీ అయింది. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల మొదలైన ప్రభుత్వ పథకం ఆ పేరునే ప్రతి పల్లెకూ తెచ్చింది.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మదనపల్లె పక్కనే ఉంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి చుట్టుపక్కల పల్లెల్లో, 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ దంపతులు చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే టీచరు, వేర్వేరు వయసుల పిల్లలు. పాఠాన్ని చిన్న కార్డులుగా విడగొట్టి ఎవరి నడకన వాళ్లు సాగేలా అమర్చారు. పల్లె కథలూ తోలుబొమ్మలూ పాఠాల్లోకి వచ్చాయి. ఆ పద్ధతి చూసి వెళ్లిన కర్ణాటక టీచర్లు 1995లో హెచ్.డి.కోటెలో ‘నలి కలి’ మొదలుపెట్టారు. తర్వాత చెన్నై కార్పొరేషన్ బడులూ అదే బాట పట్టాయి. కరువు సీమలోని ఒంటిగది బడుల నుంచి పక్క రాష్ట్రాలు నేర్చుకున్నాయి. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

మధ్యాహ్నం పిల్లల బరువులు తూచి, ఫోనులో ఎక్కించి, బాలింతలకు సరుకులిచ్చి, గదికి తాళం వేసేసరికి నాలుగు దాటింది. “ఇంటికి రాండక్కా, సంగటి తిని పోదురు” అంటూ టీచరమ్మ నన్ను వెంటబెట్టుకు పోయింది. గదిలో చూసిన వస్తువులన్నీ ఎక్కడ పుడతాయో ఆ ఇంటి పంచలో కాలు పెట్టగానే కనిపించింది.

ఒక మూల అత్త ఈతాకు చీల్చి చాప అల్లుతోంది. పిల్లలు కూర్చునే చాపలు ఆమె చేతివే. మొగుడు వడ్రంగి. తలుపులు, కిటికీలు చేయగా మిగిలిన వేప, టేకు ముక్కలను పక్కన పెట్టి, రాత్రి పూట అంచులు గరుకు కాగితంతో రుద్దుతాడు. ఒక ముక్క నా చేతికిచ్చి, “చెంపకు ఆనించి చూడమ్మా, గీరుకోకూడదు. అప్పుడే బడికి పంపేది” అన్నాడు. ఆనించి చూశాను. చేప పొట్టలా నున్నగా ఉంది. డిగ్రీ చదివే కూతురు ఒళ్లో పట్టుగూళ్లు పోసుకుంది. పట్టుపురుగులు పెంచే చుట్టాలింటి నుంచి తెచ్చినవి. చిలక చిల్లు చేసుకుని బయటికి పోయిన గూడు దారం తీయడానికి పనికిరాదు. దాన్ని కత్తెరతో రేకులుగా కోసి, మూడు గూళ్లు ఒక పుల్లకు గుచ్చితే తెల్లటి పువ్వు. కోసేది కూతురు, రంగులద్దేది మరునాడు పిల్లలు.

టీచరమ్మ మామ గోడకు ఆనుకుని తొడ మీద కిత్తనార పేనుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఆ పీచు చూడగానే గుర్తుపట్టాను. పొద్దున గది చుట్టూ చూసిన తాడు అదే, అబ్బోడి ఆవుకు తోకైనదీ అదే.

“తాడు ఎత్తు మీరే చెప్పారా తాతా?”

“నేను గోడ మీద నా చెయ్యి అందేకాడ కట్టబోతిని. ఒక బుడ్డోడు వచ్చి నా పంచె పట్టి లాగె. వాని ఎత్తుకు దించితి.”

ఆయన చిన్నప్పుడు బడిగుమ్మం తొక్కలేదు. గొడ్లు కాయడమే బాల్యమంతా. రేషన్ దగ్గర, బ్యాంకు దగ్గర ఇప్పటికీ వేలిముద్రే. మొదట కోడలు రమ్మంటే, చదువుకున్నోళ్లు ఉండే చోట నాకేం పని అని రాలేదట. ఒకరోజు కొబ్బరాకు పట్టుకుని వాకిట్లో కూర్చుని మనవడికి బూర చుడుతుంటే, పక్కిళ్ల పిల్లలు మూగారు. మరునాడు కోడలు ఆ ఆకుల కట్టనూ మామనూ కలిపి అంగన్‌వాడీకి తీసుకుపోయింది. బూర, పాము, చేతి గడియారం, గాలికి తిరిగే గిరగిర. ఇప్పుడు వారానికి ఒక రోజు ఆయన బడికి పోతాడు. పిల్లలు ఆయనను ‘తాత టీచర్’ అని పిలుస్తారు. ఆయనను చూసి మరో ఇద్దరు ముసలివాళ్లు, ఒక కుమ్మరి అవ్వ వచ్చి పోతున్నారు. తమకు రానిది చదువొక్కటే అని తెలిసి, తమకు వచ్చినవన్నీ పట్టుకుని వస్తున్నారు.

నేను ఈ పర్యటన నుంచి మూట కట్టుకున్నది ఈ సంగతే. పసిపిల్లల బడికి కావలసిన సరంజామా పట్నం నుంచి అట్టపెట్టెల్లో దిగనవసరం లేదు. చెరువు మన్ను, ఈతాకు, చింతగింజ ప్రతి పల్లెలోనూ ఉన్నాయి. వాటిని పట్టే చేతులు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఆ చేతులను బడిలోకి పిలవాలి. అక్షరం రాదని బయటే నిలబడిపోయిన మనుషులకు బడిలో ఒక చోటు దొరకాలి. తాత పంచె పట్టుకుని పిల్లవాడు లాగినప్పుడు, ఆయన ఒక తరం ఆలస్యంగా బడిలోకి నడిచాడు. ఒక టీచరమ్మ, ఆమె ఇంటిల్లిపాదీ ఈ పనిని జీతంలో భాగమని కాకుండా, ఇంట్లో వంట చేసుకున్నంత మామూలుగా చేస్తున్నారు. అలాంటి ఇళ్లను మనం గుర్తించి, వాళ్లకు అండగా నిలవాలి.

చీకటి పడుతుండగా సంగటి, అనపగింజల కూర తిని లేచాను. తాత మరునాటికి కొబ్బరాకు పీలికలు చీలుస్తున్నాడు, వాడిపోకుండా తడిగుడ్డలో చుడుతున్నాడు. ఎన్ని చీల్చాలో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆయన చిన్న మూకుడు ముందుకు జరిపాడు. అందులో చింతగింజలు. కోడలు పొయ్యి దగ్గర నుంచే ఒక్కో పిల్లవాడి పేరు చెబుతుంటే ఆయన ఒక్కో గింజ తీసి నేల మీద పెడుతున్నాడు, దాని పక్కన ఒక పీలిక. జ్వరం వచ్చిన ఇద్దరికీ పెట్టాడు. ఊరికి పోయిన పాపకూ పెట్టాడు. పేర్లు అయిపోయాక ఇంకో గింజ తీసి పెట్టాడు.

“ఇది ఎవరికి తాతా?”

“ఒకరిది నలుగుతాదిగదమ్మా. ఏడిస్తే ఇయ్యబళ్లా?”